కుందేలు మాంసం: పెంపకం, ఇంటి వంట

పంజరంలో పెంచిన కుందేలు మాంసాన్ని ఇంటి వంటకు వాడుకోవడం గురించి ఈ వ్యాసం. అనకాపల్లి జిల్లాలోని బుచ్చయ్యపేట మండలాన్ని, దాన్ని ఆనుకున్న చోడవరం పల్లెలను ఉదాహరణగా తీసుకున్నాం. కోడి, మేక, చేప రోజువారీ మాంసాలైన ఈ ప్రాంతంలో కుందేలు అరుదైన కూర. ఇది పేదింటికి అందే మాంసమని పెంపకం ప్రచారాల్లో తరచూ చెబుతారు. ఆ మాటలో సగమే నిజం. కొనుక్కుంటే కుందేలు చవక కాదు. దొడ్లో పెంచి, గట్టు మీది గడ్డితో మేపి, ఇంట్లోనే కోసుకుంటే చవక. వండే తీరుకీ పెంచే తీరుకీ ఇంత దగ్గర సంబంధం ఉన్న మాంసం మరొకటి లేదు కాబట్టి రెండింటినీ కలిపే చెప్పాలి.

అడవిది వేరు, పంజరంలోది వేరు

చెరకు కోత చివరి మళ్లకు వచ్చేసరికి గెంతుకుంటూ బయటపడేది, జీడితోటల్లో మునిమాపువేళ కనిపించేది చెవులపిల్లి. శాస్త్రం దాన్ని లీపస్ నైగ్రికోలిస్ అంటుంది. మెడ వెనక నల్లమచ్చ దాని గుర్తు. అది బొరియ తవ్వుకోదు, గడ్డిలోనే ఒదిగి పడుకుంటుంది. పిల్లలు పుట్టేటప్పటికే ఒంటినిండా బొచ్చు ఉంటుంది, కళ్లు తెరిచి ఉంటాయి. పెంపుడు కుందేలు ఐరోపా నుంచి వచ్చిన ఒరిక్టొలేగస్ క్యునిక్యులస్ సంతతి. దాని పిల్లలు ఎర్రటి మాంసపు ముద్దల్లా, కళ్లు మూసుకుని పుడతాయి. తల్లి తన ఒంటి బొచ్చు పీకి పరిచిన గూట్లో పది రోజులుంటేగాని కళ్లు తెరవవు. చెవులపిల్లికి 48 క్రోమోజోములు, పెంపుడుదానికి 44. రెండూ కలిసి సంతానం కనడం జరగదు. మాంసంలోనూ పోలిక లేదు. అడవిదాని కండ ముదురెరుపు, వేట వాసన గట్టిగా ఉంటుంది. పెంపుడుదాని కండ లేత గులాబీ రంగులో ఉండి, ఉడికితే కోడి రొమ్ములా తెల్లబడుతుంది.

ఈ తేడా వంటకన్నా ముందు చట్టానికి ముఖ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చెవులపిల్లిని ఉచ్చు పెట్టి పట్టినా, కొట్టినా, అమ్మినా, వండినా నేరమే. 2022 సవరణతో చట్టంలోని షెడ్యూళ్లు మారాయిగానీ దానికి రక్షణ పోలేదు. మాడుగుల దాటి పాడేరు కొండలెక్కితే చైత్రమాసంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్లు వేటకు వెళ్లడం, ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టించడం ఆ పండగలో పాత ఆచారం. ఆ ఆచారంలో పుట్టిన కుందేలు రుచి మైదానపు పల్లెల్లోనూ ముసలివాళ్ల మాటల్లో ఇంకా మిగిలే ఉంది. పెంపుడు కుందేలు కూర మొదటిసారి తిన్నవాళ్లు ‘ఇందులో ఆ రుచేదీ?’ అంటే తప్పుపట్టనక్కర్లేదు. వాళ్లకు గుర్తున్నది వేరే జంతువు.

తినవచ్చా అనే ప్రశ్న

పాత గ్రంథాలు కుందేలును తినదగిన జంతువుగానే లెక్కించాయి. వాల్మీకి రామాయణం కిష్కింధకాండలో వాలి రాముణ్ణి నిలదీస్తూ, అయిదు గోళ్ల జంతువుల్లో తినదగినవి అయిదేనని చెబుతాడు. ఆ అయిదింటిలో కుందేలు ఉంది, కోతి లేదు. నన్నెందుకు చంపావన్నదే ఆ వాదన సారం. మనుస్మృతిలోనూ కుందేలు తినదగిన వాటి జాబితాలోనే ఉంది. చరకసంహిత దాని మాంసాన్ని తేలికైన మాంసాల్లో చేర్చింది. ముస్లింలలో సున్నీలు తింటారు, షియాలు తినరు. యూదుల ధర్మశాస్త్రం నిషేధించింది.

గ్రంథాలకన్నా గట్టి అడ్డంకి ఇంట్లోనే ఉంటుంది. తెల్లగా, ఎర్రకళ్లతో, అరచేతిలో పట్టే పిల్లను తెచ్చి గూట్లో పెట్టిన మర్నాడే పిల్లలు దానికో పేరు పెట్టేస్తారు. పేరు పెట్టినదాన్ని కోయడం ఏ ఇంట్లోనైనా కష్టమే. అందుకే మాంసానికి పెంచే ఇళ్లలో ఈనే ఆడవాటికీ పోతుకూ మాత్రమే పేర్లుంటాయి. కూరకు వెళ్లేవాటిని ఈతల లెక్కనే పిలుస్తారు. ఆకలితో వచ్చిన అతిథికి కుందేలు తన ఒంటినే ఆహారంగా ఇచ్చిన శశజాతక కథ, ఆ పుణ్యానికి దాని బొమ్మ చంద్రుడిలో నిలిచిందన్న నమ్మకం కూడా కొందరిని ఆపుతాయి.

పెంపకం: ఖర్చు ఎక్కడ తేలుతుంది

మన దేశంలో మాంసానికి పెంచేవి ఎక్కువగా సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్, గ్రే జెయింట్, న్యూజీలాండ్ వైట్ జాతులు. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో ఉన్న కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ వీటి మీద చాలాకాలంగా పనిచేస్తోంది. దాని దక్షిణ కేంద్రం తమిళనాడులో కొడైకానల్ దగ్గరి మన్నవనూరులో ఉంది. అది చల్లటి కొండ ప్రాంతం. కుందేలుకు చల్లదనం కావాలి. 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 30 దాటితే మేత తగ్గిస్తుంది, ఇంకా ఎక్కువైతే పోతుకు కొన్ని వారాలపాటు సంతాన శక్తి పోతుంది. చెమట పట్టని జంతువు కాబట్టి వేడిని ప్రధానంగా చెవుల గుండానే వదులుకోవాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బుచ్చయ్యపేటలో ఎండకు ఉక్కపోత తోడవుతుంది. ఆ మూడు నెలలు జత కట్టించకపోవడమే తెలివి. రేకుల పాక కింద గూళ్లు పెట్టినవాళ్లు నష్టపోతారు. తాటాకు పాక, చెట్టు నీడ, చుట్టూ తడి గోనెలు ఉంటే గట్టెక్కుతాయి.

ఇక లెక్క. ఆడ కుందేలు చూలుతో ఉండేది 30, 31 రోజులే. ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు పుడతాయి. నెల, నెలన్నరకు పాలు మాన్పించవచ్చు. మంచి దాణా ఉంటే పన్నెండు వారాలకు రెండు కిలోల దగ్గరకు వస్తుంది. గడ్డి మీదే ఆధారపడితే నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. బతికున్న బరువులో సగం, మహా అయితే 55 శాతం ఎముకతో కూడిన మాంసంగా మిగులుతుంది. అంటే రెండు కిలోల కుందేలుకు కిలో కూర. ఎండాకాలం వదిలేసి ఏడాదికి నాలుగు ఈతలు, ఈతకు అయిదు బతికాయనుకుంటే ఒక్క ఆడదాని మీద ఇరవై కిలోల మాంసం వస్తుంది. రెండు ఆడవి, ఒక పోతు ఉన్న ఇంట్లో తొమ్మిది, పది రోజులకోసారి కుందేలు కూర వండుకోవచ్చు.

ఇంతవరకు బాగానే ఉంది. మేత దగ్గరే అసలు సంగతి తెలుస్తుంది. బ్రాయిలర్ కోడి కిలో బరువు పెరగడానికి 1.6 నుంచి 1.8 కిలోల దాణా తింటుంది. కుందేలుకు మూడు నుంచి నాలుగు కిలోలు కావాలి. రెండు కిలోల కుందేలు తయారవడానికి సుమారు ఏడు కిలోలు. పెద్దవి రోజుకు 120 నుంచి 150 గ్రాముల దాణా తింటాయి కాబట్టి, రెండు ఆడవాటికీ ఒక పోతుకూ ఏడాదికి దాదాపు 150 కిలోలు. దాన్ని నలభై పిల్లల మీద పంచితే ఒక్కోదానికి ఇంకో నాలుగు కిలోల భారం పడుతుంది. కిలో మాంసానికి పదకొండు కిలోల దాణా అన్నమాట. అదంతా సంచుల్లో కొన్నదైతే బజారు కోడిదే గెలుపు, పోటీయే లేదు.

కోడి గడ్డి తిని బతకలేదు, కుందేలు బతుకుతుంది. దాని పెద్దపేగు మొదట్లోని తిత్తిలో సూక్ష్మజీవులు పీచును పులియబెడతాయి. అక్కడ తయారైన మెత్తటి పెంటికలను అది రాత్రి, తెల్లవారుజామున తిరిగి తిని రెండోసారి అరిగించుకుంటుంది. చూసినవాళ్లు జబ్బనుకుంటారు, కాని అదే దాని బలం. గరిక, బొబ్బర ఆకు, వేరుశనగ కట్ట, మునగాకు, అవిశాకు తిని కండ పడుతుంది. దాణాలో సగం దాకా వీటితో సరిపెట్టవచ్చు. పచ్చిమేతలో మూడొంతులకు పైగా నీరే కాబట్టి, కిలో దాణా బదులు నాలుగైదు కిలోల పచ్చిక కోయాలి. చెరకు మొవ్వు ఈ వైపు పశువుల మేత. కుందేలు కూడా కొరుకుతుందిగాని అదొక్కటే పెడితే బరువు రాదు, అందులో మాంసకృత్తులు తక్కువ. మంచు తడి ఆరని ఆకు, అతిగా క్యాబేజీ పెడితే కడుపు ఉబ్బుతుంది. సుబాబుల్ మేతలో కొంచెమే ఉండాలి.

ఇంట్లో రోజూ గడ్డి కోసే మనిషి ఉంటే ఆ కూలి లెక్కలోకి రాదు, కుందేలు చవకవుతుంది. ఆ మనిషి పనికి వెళ్లిపోతే లెక్క తారుమారవుతుంది. ఈ ఒక్క కారణం చాలు, కుందేలు పెద్ద పరిశ్రమ కాకుండా ఇంటి దొడ్డికే ఎందుకు నప్పుతుందో చెప్పడానికి. పిల్లలు మా దగ్గర కొనండి, పెరిగాక మేమే తీసుకుంటాం అని ఒప్పందాలు రాయించుకుని, కొన్నాళ్లకు చిరునామా మార్చేసే వ్యాపారాలు దేశంలో చాలాచోట్ల రైతులను ముంచాయి. మాంసం కొనేవాళ్లు చుట్టుపక్కల ఉన్నారో లేదో చూడకుండా యాభై గూళ్లు కట్టడం ఆ దారే.

కోత, ముక్కలు

కోసే ముందు రాత్రి మేత ఆపి నీళ్లు మాత్రం పెడతారు. పేగులు ఖాళీగా ఉంటే లోపల చిట్లినా మాంసం పాడుకాదు. కోడిలా వేడినీళ్లలో ముంచే పని లేదు. వెనక కాళ్లు కట్టి వేలాడదీసి, మడమల దగ్గర చర్మం గాటుపెట్టి కిందికి లాగితే చొక్కా విప్పినట్టు ఒక్క తీరున వచ్చేస్తుంది. ఒళ్లు వేడిగా ఉండగానే చెయ్యాలి, ఆరితే అంటుకుపోతుంది. కార్జానికి అంటుకున్న చేదుతిత్తిని పగలకుండా తియ్యాలి. కార్జం మీద తెల్లటి మచ్చలు కనిపిస్తే కాక్సిడియా పరాన్నజీవి ఉన్నట్టు. ఆ జీవి మనుషులకు అంటదు, అయినా అలాంటి కార్జం పారెయ్యడమే మంచిది. ఒంట్లో చీముగడ్డలున్న కుందేలునూ, చిక్కి శల్యమైనదాన్నీ వండకూడదు. గజ్జికి సూది మందు వేయించి ఉంటే పశువైద్యుడు చెప్పిన గడువు తీరేదాకా ఆగాలి.

ముక్కలు కొట్టేటప్పుడు మేకమాంసపు అలవాటు పక్కన పెట్టాలి. కుందేలు ఎముక సన్నం, పెళుసు. కత్తితో కొడితే సూదుల్లా చీలి ముక్కలో దాగుతుంది, పిల్లల గొంతుకు ప్రమాదం. కీళ్ల దగ్గర విరిచి చాకుతో కోస్తే చాలు. ముందు కాళ్లు రెండు (వాటికి ఒంటి ఎముకతో కీలు లేదు, కండతోనే అతుక్కుని ఉంటాయి), వెనక కాళ్లు రెండు, నడుము మూడు ముక్కలు, పక్కటెముకలు రెండు. పెద్ద ముక్కలుగానే ఉడికించి, వడ్డించేటప్పుడు ఎముక తీసెయ్యడం పిల్లలున్న ఇళ్లకు మంచి పద్ధతి. కండలో చాలాభాగం వెనక తొడల్లో, నడుములో ఉంటుంది. పక్కటెముకలు, మెడ పులుసుకు.

కోసిన గంట రెండు గంటల్లో కండరాలు బిగుసుకుంటాయి. అప్పుడు వండితే గట్టిగా ఉంటుంది. కోసిన వెంటనే పొయ్యెక్కించాలి, లేదా ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచాలి.

వండే పద్ధతులు

అన్ని వంటకాలకూ మూలమైన సంగతి ఒకటే, ఈ మాంసంలో కొవ్వు చాలా తక్కువ. కోడికి చర్మం కింద, మేకకు కండ మధ్యలో ఉండే కొవ్వు దీనికి లేదు. ఉన్న కాస్తా మూత్రపిండాల చుట్టూ, భుజాల మధ్యా ఉంటుంది. దాన్ని పారెయ్యకుండా నూనెలో కరిగించాలి. కొవ్వు లేని కండను మొదటే పెద్ద మంట మీద వేపితే నీరంతా పోయి పీచులా తయారవుతుంది. ఉత్తరాంధ్ర వంటింటి ఇగురు పద్ధతి ఈ లోపానికి సరిగ్గా సరిపోతుంది.

కిలో మాంసానికి గిద్దెడు పెరుగు, అరచెంచా పసుపు గుండ, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, తగినంత ఉప్పు పట్టించి గంటసేపు ఉంచాలి. మందపాటి గిన్నెలో గరిటెన్నర నూనె కాచి, లవంగాలు, చెక్క, సన్నగా తరిగిన నాలుగు పెద్ద ఉల్లిపాయలు వేసి ఎర్రబడేదాకా వేపాలి. ఉల్లి ఎక్కువ పడటం ఖర్చు దండగ కాదు, ఇగురుకు చిక్కదనం దానివల్లే. ముక్కలు వేసి మూతపెట్టి, సన్నసెగ మీద వాటి నీటిలోనే పావుగంట మగ్గనివ్వాలి. రెండు చెంచాల కారం గుండ, చెంచాన్నర ధనియాల గుండ కలిపి, గ్లాసున్నర వేడినీళ్లు పోసి ఉడికించాలి. మూడు నెలల పిల్ల అయితే అరగంట, నలభై నిమిషాల్లో ఎముక వదిలేస్తుంది. ఈతలు అయిపోయిన ముసలి ఆడదాన్ని కోస్తే ప్రెషర్ కుక్కర్‌లో ఆరేడు విజిల్స్ తప్పవు, లేతదానికి రెండు చాలు. చివర్లో గసగసాలు, జీడిపప్పు కలిపి నూరిన ముద్ద రెండు చెంచాలు వేస్తే లేని కొవ్వు లోటు తీరుతుంది. జీడి పిక్కలు కొట్టే ఊళ్లలో ముక్కలైన పప్పు తక్కువకే దొరుకుతుంది, ఇగురుకు అదే చాలు. మిరియాల పొడి దింపే ముందు చల్లాలి.

ఒక్క కుందేలుతో ఇంటిల్లిపాదికీ రెండు పూటలు గడపాలంటే పులుసే దారి. మెడ, పక్కటెముకలు, ముందు కాళ్లను విడిగా తీసిపెట్టి, నిమ్మకాయంత చింతపండు పులుసులో ములక్కాడలు, వంకాయలు వేసి కాస్తారు. గోంగూర కాలంలో చింతపండు బదులు గోంగూర. మాంసం రుచి మెత్తనిది కాబట్టి పులుపును బాగా పట్టుకుంటుంది. ఈ విషయంలో కోడికన్నా ఇదే మెరుగని చెప్పవచ్చు. అన్నంలోకే కాక చోడి సంకటిలోకీ ఈ పులుసు బాగుంటుంది.

వేపుడు చెయ్యాలంటే ముందు ఉడకబెట్టాలి. ఉప్పు, పసుపు వేసి మెత్తబడేదాకా ఉడికించి, నీరు ఇగిరాక కరివేపాకు, ఎండుమిరప, దంచిన వెల్లుల్లితో నూనెలో కొద్దిసేపు వేపితే పైన కరకర, లోపల మెత్తన. పచ్చి ముక్కనే బాణలిలో వేసి ‘కుందేలు గట్టి’ అని తీర్మానించేవాళ్లు చాలామంది. కార్జం, గుండె, మూత్రపిండాలు ఉల్లిపాయతో వేపితే అయిదు నిమిషాల పని. ఇంట్లో చిన్నవాళ్ల వాటా అదే. బొంగులో కూరిన అరకు కోడి పద్ధతిలో కుందేలునూ కాల్చవచ్చు. బొంగు ఆవిరి బయటికి పోనివ్వదు కాబట్టి పొడి మాంసానికి అది మేలే.

ఆహార విలువ

వంద గ్రాముల పచ్చి పెంపుడు కుందేలు మాంసంలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు, అయిదున్నర గ్రాముల కొవ్వు, 136 కిలోకేలరీల శక్తి ఉంటాయి. బి12 విటమిన్ పుష్కలం. కొవ్వు తక్కువ కాబట్టి గుండెజబ్బు ఉన్నవాళ్లకు మంచిదంటారు. అది నిజమేగాని, గరిటెన్నర నూనె పోసిన ఇగురుకు ఆ మాట సగమే వర్తిస్తుంది. ఇంకో వైపూ ఉంది. ఉత్తరధ్రువ ప్రాంతాల్లో కొవ్వు లేని కుందేలు మాంసం మీదే బతికినవాళ్లు ఎంత తిన్నా నీరసించిపోయేవారని యాత్రికుడు విల్యమర్ స్టెఫన్‌సన్ రాశాడు. అన్నం, పప్పు, నూనెతో తినే ఇంట్లో ఆ భయం లేదు.

ఇతర దేశాల్లో

కుందేలు చాలా దేశాల్లో కరువుకాలపు మాంసం. ఆస్ట్రేలియాలో 1859లో థామస్ ఆస్టిన్ వేట సరదాకు వదిలిన కుందేళ్లు ఖండమంతా పాకి పంటలను నాశనం చేశాయి. 1930ల ఆర్థికమాంద్యంలో పనిలేని కుటుంబాలకు అవే కూరయ్యాయి, ‘నేల కింది మటన్’ అని వాటికి ముద్దుపేరు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ఇళ్ల వెనక కుందేళ్ల పెంపకాన్ని ప్రభుత్వమే ప్రోత్సహించింది. యుద్ధం ముగిసి కోడి చవకయ్యాక, 1953లో మిక్సోమటోసిస్ జబ్బు అక్కడి అడవి కుందేళ్లను ఊడ్చేశాక, జనం ఆ మాంసం మానేశారు. మాల్టాలో మాత్రం అది పేదల కూర స్థాయి దాటి జాతీయ వంటకమైంది. వలెన్సియా పాయెల్లా అన్నంలో కోడితోపాటు కుందేలు ఉండాల్సిందే. చైనాలోని చెంగ్డూలో కుందేలు తలకాయలను మిరపకారంతో వీధుల్లో అమ్ముతారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1980ల నుంచి బీద దేశాల్లో పెరటి కుందేలును ప్రోత్సహిస్తోంది. మన దేశంలో కేరళ, తమిళనాడు, ఈశాన్య రాష్ట్రాల్లో ఈ మాంసానికి ఆదరణ ఎక్కువ.

నిల్వ, మిగులు

ఒక పూటకు సరిపోయే జంతువు కావడం కుందేలుకున్న మరో సౌకర్యం. మేకను కోస్తే వాటాలు వెయ్యాలి, మిగిలింది దాచాలి. కుందేలు ఫ్రిజ్ లేని ఇంట్లోనూ వృథా కాదు. దాచాల్సి వస్తే ఫ్రిజ్‌లో రెండు రోజులు, గడ్డకట్టే అరలో కొన్ని నెలలు ఉంటుంది. కొవ్వు తక్కువ కాబట్టి గాలి తగిలితే త్వరగా ఎండిపోతుంది, గట్టిగా చుట్టాలి. చర్మాన్ని ఈ ప్రాంతంలో కొనేవాళ్లు లేరు. పెంటికలు మాత్రం మాగబెట్టకుండానే వంగ, మిరప పాదుల్లో వెయ్యవచ్చు. కోడిపెంటలా మొక్కను మాడ్చవు.